గుచ్చుకున్నా పలకని వేలు

నేను రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఒక అక్టోబరు నెలాఖరున, నన్ను ఒంగోలు నుంచి దర్శి వైపు ఒక పల్లెలోని మహిళా శిక్షణ కేంద్రానికి బదిలీ చేశారు. హోదా క్రాఫ్ట్ శిక్షకురాలు, రెండో గ్రేడు. ఆర్డరులో “చేతి ఎంబ్రాయిడరీ, ప్రారంభ స్థాయి, ఆరు నెలలు” అని ఉంది. సూదిలో దారం ఎక్కించడం కూడా రానివాళ్లను తీసుకుని, ఏప్రిల్ నెలాఖరుకి వాళ్లచేత ఒక చిన్నపిల్ల గౌను మీద పూలూ లతలూ కుట్టించి పరీక్షకు కూర్చోబెట్టాలని దాని అర్థం. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. మూతపడ్డ పొగాకు గోడౌనులో ముందు గది. రెండు ట్యూబులైట్లు, చాపలు, ఒక ఇస్త్రీపెట్టె, తాళం పడని బీరువా.

ఆ బ్యాచిలో పద్దెనిమిది మంది. అందరూ పొలం పనుల వాళ్లే. పొద్దున మిర్చి కోతకో పత్తి తీతకో వెళ్లి, మధ్యాహ్నం రెండున్నరకు నేరుగా క్లాసుకు వచ్చేవాళ్లు. మిర్చి తాకిన చేత్తో తెల్లగుడ్డ పట్టుకుంటే గుడ్డ పాడవుతుంది, అదే చేత్తో దారం కొస నోట్లో పెట్టి తడిచేస్తే నోరు మండుతుంది. అందుకని నాదొక నియమం ఉండేది. ముందు చేతులకు నూనె రాసుకోవాలి, తరవాత సబ్బుతో రెండుసార్లు కడుక్కోవాలి, ఆ తరవాత గుమ్మం దగ్గర నాకు చూపించాలి. నేను ఒక్కొక్కరి అరచేతులూ పట్టుకుని వాసన చూసేదాన్ని. ఘాటు తగిలితే వెనక్కి పంపేదాన్ని. ఆరు నెలలపాటు, సెలవు రోజులు తప్ప, పద్దెనిమిది మంది చేతులనూ నేను ఇలా స్వయంగా చూశాను. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

మా పనిలో చూసేవాళ్లకు పై చెయ్యే కనబడుతుంది. అసలు పని కింది చేతిది. గుడ్డను చెక్క రింగులో బిగించాక కుడిచేత్తో సూదిని పైనుంచి దించుతాం. రింగు కింద ఎడమచేతి వేలు కాచుకుని ఉంటుంది. సూది మొన చురుక్కుమని తగలగానే వేలు దాన్ని అందుకుని, తిరిగి పైకి ఎక్కడ రావాలో అక్కడికి నడిపిస్తుంది. కొత్తవాళ్లు మొదటి నెలంతా ఆ వేలిని గుచ్చుకుంటూనే ఉంటారు. గదిలో “అబ్బా”, “అమ్మా” అని వినబడుతూ ఉంటే క్లాసు సవ్యంగా నడుస్తోందని నేను నిశ్చింతగా ఉండేదాన్ని. వేలికి తొడుగు పెట్టుకుంటామని కొందరు అడిగేవాళ్లు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. తొడుగు వేసిన వేలికి సూది జాడ తెలియదని నా వాదన.

గుచ్చుకున్నాక గుడ్డకు రక్తం అంటడం మామూలే. దానికి మా వృత్తిలో ఒక చిట్కా ఉంది. తడి ఆరకముందే, దారం ముక్కను సొంత ఉమ్మితో తడిపి చుక్క మీద అద్దితే మరక పోతుంది. ఆరిపోయిందంటే ఉప్పునీళ్లలో నానబెట్టినా గోధుమరంగు నీడ మిగిలిపోతుంది. పరీక్షలో శుభ్రతకు విడిగా మార్కులుంటాయి. నేను ఎవరి పని చూసినా ముందు గుడ్డను తిరగేస్తాను. ముడులు, వదిలేసిన దారాలు, ఆరిన చుక్కలు, అన్నీ వెనకవైపే దొరుకుతాయి. నా కంటినుంచి ఏదీ తప్పించుకోదని నాకు గర్వం కూడా ఉండేది.

సుగుణకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. భర్త ట్రాక్టరు నడుపుతాడు. మూడేళ్ల కూతురు. చేరిన రోజు ఎందుకు నేర్చుకుంటున్నావని అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగాను. మిగతావాళ్లు సిగ్గుపడుతూ ఏదో ఒకటి చెప్పారు. ఆమె మాత్రం తడుముకోకుండా చెప్పింది.

“మా అమ్మ ఇరవై ఏళ్లు మిరక్కాయల తొడిమలు తీసిందండి. ఇప్పుడు దగ్గు పట్టుకుంటే కూర్చున్నచోట కూర్చోలేదు. నేనూ మా పాపని పక్కనేసుకునే తీస్తన్నా. దానికీ ఆ దగ్గు వస్తదేమోనని భయమండి.”

ఒంగోలులో ఆమె దూరపు బంధువుకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. పరీక్ష పాసై సర్టిఫికెట్టు తెస్తే ఇంటికే జాకెట్లు పంపిస్తాను, చేతులకూ మెడలకూ పూలు కుట్టి ఇద్దువు అని అతను మాటిచ్చాడు. సుగుణకు మిర్చి ఘాటులోంచి బయటపడే దారి అదొక్కటే.

నవంబరులో రన్నింగు కుట్టు, కాడ కుట్టు నేర్పాను. మిగతా వాళ్లు ఒక వరస కుట్టేసరికి సుగుణ సగం వరస కుట్టేది. కానీ శుభ్రంగా కుట్టేది. ఒక్క చుక్క ఉండేది కాదు. నెమ్మది ఎందుకా అని కనిపెట్టి చూస్తే, ప్రతి కుట్టుకూ రింగును తిరగేసి వెనకవైపు చూసుకుంటోంది. సూదిని వేలితో వెతకాల్సింది కంటితో వెతుకుతోంది. కొత్తవాళ్లలో ఇది ఉండే దురలవాటే. ఎన్నిసార్లు చెప్పినా మానకపోతే ఒకరోజు గట్టిగా అడిగాను.

“సూది మొన ఏడుందో తెలవట్లేదు మేడం. ఈ చెయ్యి కొంచెం మొద్దుగా ఉంటంది. అందుకే తిప్పి చూసుకుంటన్నా” అంది.

ఎప్పటినుంచి అని అప్పుడు నేను అడగవలసింది. అడగలేదు. మిర్చి చేతులు అట్లాగే ఉంటాయి, నాలుగు కుట్లు పడితే అదే తెలివి తెచ్చుకుంటుంది అన్నాను. ఈ మాట నేను కల్పించింది కాదు. మిర్చి పండే ఊళ్లలో ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. ఏళ్ల తరబడి కారం తాకిన చేతికి చర్మం మొద్దుబారుతుందని, దానికి మందు లేదని అందరి నమ్మకం. ఆమె కూడా అలాగే నమ్మింది. నేనూ వాళ్లలో పుట్టి పెరిగినదాన్నే.

డిసెంబరు రెండో వారంలో ఆమె రింగును చాప ముందున్న పొట్టి బల్లమీది స్టాండుకు మరతో బిగించేశాను. అలా బిగిస్తే రింగు తిరగదు, వెనక్కి చూడడం కుదరదు, వేలే పని నేర్చుకోక తప్పదు. రింగు తిప్పే అలవాటున్న వాళ్లకు నేను ఎప్పుడూ చేసే వైద్యం అదే. రోజువారీ శిక్షణ రిజిస్టరులో తేదీ వేసి రాశాను కూడా: “సుగుణ. రింగు తిప్పే అలవాటు. స్టాండుకు బిగించడమైనది.”

ఆ మర్నాటి నుంచి గుడ్డ వెనక చుక్కలు మొదలయ్యాయి. ఒకటీ రెండూ కాదు, వరస పొడుగునా. అన్నీ ఆరిపోయినవే. తడిగా ఉన్నప్పుడే ఉమ్మి అద్దమని ఎన్నిసార్లు చెప్పాలి అని కోప్పడ్డాను. “గుచ్చుకున్నట్టు తెలవలేదు మేడం” అంది. అది సాకు అనుకున్నాను. నమూనా గుడ్డ కత్తిరించి పక్కన పడేసి, మళ్లీ మొదటినుంచి కుట్టమన్నాను. అలా మూడుసార్లు కుట్టించాను. మూడో గుడ్డ వెనక కూడా చుక్కలున్నాయి. గుచ్చుకున్న వెంటనే తెలిస్తేనే కదా తడి ఆరకముందు అద్దడం. అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. వెనకవైపు అన్నీ దొరుకుతాయని చెప్పుకునేదాన్ని, కళ్ల ముందున్నదాన్ని మరక అనుకుని వదిలేశాను.

జనవరిలో మిర్చి కోతలు ముమ్మరమయ్యాయి. సూది పోట్లున్న వేళ్లతో కాయలు కోస్తే ఆ మంట ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. ఆడవాళ్లు ఏడ్చుకుంటూ వచ్చేవాళ్లు. సుగుణ పక్కన కూర్చునే నాగమణి గ్లాసుడు మజ్జిగ తెచ్చుకుని, అందులో వేలు ముంచి కూర్చునేది. సగంమంది పని ముందుకు సాగడం లేదు. నాకు చిరాకేసింది. క్లాసు మధ్యలో నిలబడి సుగుణ ఎడమచెయ్యి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించాను. వేలి కొసల నిండా పోట్లు. ఈ అమ్మాయి మీకంటే ఎక్కువ గుచ్చుకుంటోంది, మీతోపాటే కోతకు పోతోంది, ఒక్కనాడైనా అబ్బా అందా, ఓర్పంటే ఇదీ, చూసి నేర్చుకోండి అన్నాను.

సుగుణ తల వంచుకుంది. పొగిడినందుకు సిగ్గుపడిందనుకున్నాను.

నా ఉద్యోగంలో నేను చేసిన పొరపాట్లు ఇంకా ఉన్నాయి. దేన్ని తలుచుకున్నా కొంచెం బాధే. ఆ చెయ్యి పైకెత్తి చూపించిన రోజు తలుచుకుంటే మాత్రం నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మార్చికి ఆమె పని నాకు నచ్చేలా వచ్చింది. ఎలా వచ్చిందో తరవాత తెలిసింది. కుట్టుకీ కుట్టుకీ మధ్య లెక్క కట్టుకుని, అంచనా మీద కుట్టేది. వేలు సూదికి అడ్డం వస్తే రానిచ్చేది. గుమ్మం దగ్గర చేతులు చూపించేటప్పుడు చిటికెన వేలు కొంచెం వంగి ఉండడం నేను చూశాను. రింగు పట్టుకుని పట్టుకుని అలా అయిందనుకున్నాను. చేతికి సబ్బు వాసన వస్తోందా, కారం వాసన వస్తోందా, అంతవరకే నా పరీక్ష.

పరీక్షకు కుట్టే గౌను తన కూతురి కొలతకే కత్తిరించుకుంది. తెల్లటి పాప్లిన్ గుడ్డ. మెడ చుట్టూ ఆకుపచ్చ గొలుసు కుట్టుతో లత, లత మీద ఎర్రటి రేకు పూలు, అంచున పసుపు చుక్కల ముడులు. ఆ బ్యాచిలో అంతకంటే మంచి గౌను లేదు. వెనక తిప్పితే చుక్కలుండేవి, ఉప్పునీళ్లలో నానబెట్టి నానబెట్టి చాలావరకు పోగొట్టింది.

పరీక్షకు నాలుగు రోజుల ముందు గౌనులు ఇస్త్రీ చేయిస్తున్నాను. ఎంబ్రాయిడరీ గుడ్డను పైనుంచి ఇస్త్రీ చేయకూడదు, కుట్టు అణిగిపోతుంది. మందపాటి తువ్వాలు పరిచి, గుడ్డను బోర్లా వేసి, వెనకనుంచి చేయాలి. ఎడమచేత్తో ముడత లాగుతూ కుడిచేత్తో పెట్టె నడపాలి. సుగుణ వంతు వచ్చింది. చేస్తూ చేస్తూ, ఒంగోలు నుంచి వచ్చే పరీక్షకురాలు ఏమేం అడుగుతారని నన్ను అడిగింది. నేను జవాబు చెప్తున్నాను. ఆమె నా మొహం చూస్తూ వింటోంది. పెట్టె ఆగి ఉంది.

వాసన ముందు వచ్చింది. గుడ్డ మాడిన వాసన కాదు. నాగమణి కెవ్వున అరిచింది. సుగుణ ముందు నాగమణిని చూసింది. తరవాత ఇస్త్రీపెట్టెను చూసింది. చివరికి తన చేతిని చూసుకుంది. చిటికెన వేలి వైపు అరచేతి అంచు వేడి రేకుకు ఆని ఉంది. ఆమె దాన్ని తీసిన తీరులో తొందర లేదు.

నొప్పిగా ఉందా అని అడిగాను. లేదండి అంది. గౌను కాలిందేమోనని తిప్పి చూసుకుంది.

ఆ సాయంత్రమే ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. డాక్టరుగారు వచ్చేలోపు, ఊళ్లు తిరిగే ఆరోగ్య సహాయకుడు సుబ్బారావుగారు కాలిన చోటు కడిగి మందు రాశారు. రాస్తున్నంతసేపూ ఆమె మొహమే చూశారు. తరవాత ఒక బాల్‌పెన్ను తీసి, కళ్లు మూసుకో అమ్మా, ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపించు అన్నారు. కుడిచేతి మీద తాకారు. తాకినచోటల్లా టకటకా చూపించింది. ఎడమచేతి మీద చిటికెన వేలు, ఉంగరపు వేలు, అరచెయ్యి, చూపుడు వేలి కొస, ఒక్కొక్కటిగా తాకుతూ వచ్చారు. ఆమె కళ్లు మూసుకుని ఓపిగ్గా కూర్చుంది. కాసేపయ్యాక అడిగింది:

“ఇంకా మొదలుపెట్టలేదాండీ?”

సుబ్బారావుగారు నావైపు చూశారు. ఆయన మోచేతి ఎముక వెనక తడిమారు. అక్కడ నరం తాడులా లావెక్కి ఉంది. జాకెట్టు చేతి కింద, భుజానికి దిగువన, పాలిపోయిన ఒక మచ్చ ఉంది. దాని మీద తాకినా తెలియలేదు. డాక్టరుగారు వచ్చి చూసి, నన్ను పక్కకు పిలిచి జబ్బు పేరు చెప్పారు. కుష్ఠు. పన్నెండు నెలలు మాత్రలు వాడితే పూర్తిగా పోతుందని, మాత్రలు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటదని చెప్పారు. నరం సంగతి మాత్రం వేరన్నారు. స్పర్శ పోయి ఆరు నెలలు దాటకముందు పట్టుకుంటే తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంటుందట. దాటితే ఆశ తక్కువట. ఆ తరవాత సుగుణ దగ్గరికి వచ్చి, మొద్దు ఎప్పుడు మొదలైందని అడిగారు.

“వినాయకచవితి అప్పుడండి” అంది సుగుణ.

నేను మనసులో నెలలు వేసుకున్నాను. ఆమె నాతో చెయ్యి మొద్దుగా ఉందని చెప్పేసరికి రెండు నెలలు. నేను రింగు బిగించేసరికి మూడు. చెయ్యెత్తి చూపించేసరికి నాలుగున్నర. ఇప్పుడు ఎనిమిదో నెల. డాక్టరుగారు నావైపు తిరిగి, మీరు టీచరుగారు కదా, రోజూ కుట్టిస్తున్నారు కదా, మీ దృష్టికి ఏమీ రాలేదా అని అడిగారు. సుగుణే నన్ను వెనకేసుకొచ్చింది.

“మేడం రోజూ మా చేతులు చూసేవారండి. చాలా శ్రద్ధండి మేడానికి.”

సూది, నిప్పు, కత్తెర ముట్టుకోవద్దని డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు. పరీక్ష నియమం ప్రకారం అభ్యర్థి పరీక్షకురాలి ఎదుట అరగంట కుట్టి చూపించాలి. తయారైన గౌను ఎంత బాగున్నా అది లేకపోతే చెల్లదు. ఆమె పేరుకు ఎదురుగా “గైర్హాజరు” అని రాయవలసి వచ్చింది. రాసింది నేనే.

జబ్బు సంగతి ఎలా పొక్కిందో తెలియదు గానీ మర్నాటికే ఊరంతా తెలిసింది. ఆమె సామాను తీసుకోవడానికి క్లాసుకు వచ్చినప్పుడు చాపలన్నీ ఆమె చాపకు దూరంగా జరిగి ఉన్నాయి. ఇన్ని నెలలు ఒకే గ్లాసులో నీళ్లు తాగిన నాగమణి కూడా గోడవారకు జరిగింది. సుబ్బారావుగారు వచ్చి అరగంట విడమరిచి చెప్పారు. అందరూ తల ఊపారు. ఆయన వెళ్లాక చాపలు మాత్రం జరిగిన చోటే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. నాలుగు మాటలు అందామని లేచాను కూడా. కానీ ఆరు నెలలు ఆ చెయ్యి పట్టుకుని చూసి ఏమీ చూడని దాన్ని, వాళ్లను అనడానికి నాకు మొహం చెల్లలేదు. వెళ్లి ఆమె చాప మీద కూర్చుని, ఆమె రింగును స్టాండు మీంచి విప్పాను. మర బిగుసుకుపోయి చాలాసేపటికి గానీ ఊడలేదు.

గౌను తీసుకెళ్లమన్నాను. “మా అత్త పాపకి తొడగనివ్వదండి. మీ దగ్గరే ఉంచండి” అని వెళ్లిపోయింది.

ఏడాది తరవాత, మాత్రల కోర్సు పూర్తయిందని చెప్పడానికి వచ్చింది. జబ్బు పోయింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుని ఉండిపోయాయి. చూపుడు వేలికి స్పర్శ రాలేదు. ఒంగోలు దుకాణం మాట అక్కడితో ముగిసింది. ఎడమచేత్తో కాయల్ని ఒళ్లోకి అదిమిపట్టుకుని, కుడిచేత్తో తొడిమలు తీస్తోందట. పాప పక్కనే కూర్చుంటోందట. కాసేపు కూర్చుని లేవబోతూ అడిగింది:

“మేడం, రింగు ఎందుకు తిప్పుతన్నావని మీరు అడిగిన రోజే ఆస్పత్రికి పోయుంటే వేళ్లు దక్కేయా?”

దక్కి ఉండేవేమో, ఆ రోజుకి రెండు నెలలే అయింది కాబట్టి అవకాశం చాలా ఉండేది అని చెప్పాను. ఆమెకు అబద్ధం చెప్పే హక్కు నాకు లేదనిపించింది. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆమె ఆ మాట విననట్టే తల ఊపింది.

“నేనే ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సిందండి మీకు” అంది.

ఆ తరవాత నేను రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచికీ మొదటి రోజున, సూది ఇవ్వకముందే, ఒక పని చేశాను. ఒక్కొక్కరినీ కళ్లు మూసుకోమని, రెండు చేతుల వేళ్ల కొసలనూ, అరచేతులనూ దూది కొసతో తాకి, ఎక్కడ తాకానో చూపించమనేదాన్ని. మనిషికి ఒక నిమిషం పడుతుంది. శిక్షణ పుస్తకంలో ఇది లేదు. పెట్టమని పైకి రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. కనిగిరిలో పనిచేసినప్పుడు ఇలాగే ఒకామె రెండు వేళ్ల మీద దూది తాకితే చూపించలేకపోయింది. మొద్దు మొదలై నెలన్నర అయిందని చెప్పింది. అదే రోజు ఆస్పత్రికి పంపాను. ఆమె చెయ్యి దక్కింది. ఇప్పుడు జాకెట్లకు పని కుడుతోంది.

సుగుణ గౌను నా దగ్గరే ఉంది. మంచి పని. వెనక తిప్పితే మెడ దగ్గర గోధుమరంగు చుక్కలు ఇప్పటికీ కనబడతాయి.

కొత్తవాళ్లకు కుట్టు నేర్పేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. గుచ్చుకుని ఏడ్చేవాళ్ల గురించి దిగులు అక్కర్లేదు, వాళ్ల వేళ్లు బాగున్నాయి. అబ్బా అనని చేతిని ముందు చూడాలి. నేను దాన్ని పైకెత్తి మెచ్చుకున్నాను.